మంట ఆరిన కాగు

చీరాలలో నూలుకు రంగులద్దే రాఘవమ్మకు థర్మామీటరుతో పనిలేదు. కాగు మీద అరచెయ్యి ఆనీ ఆనకుండా పెట్టి "ఇప్పుడు వెయ్యండి" అంటుంది, అంతే. పదిహేనేళ్ళు బావగారు కోటిలింగం దగ్గర చిలపలు, అంటే నూలు కట్టలు, రంగులో తిప్పి, ఉతికి, పిండి నేర్చుకున్న విద్య అది. ఈ శనివారమే మొదటిసారి తన పెరటి పాకలో సొంతంగా అద్దకం పెట్టింది. పదహారు పెళ్ళిచీరల నూలు, ముదురు ఎరుపు. మచ్చలు పడ్డాయా, ఇక ఆమె చేతికి ఎవరూ నూలివ్వరు.

నీళ్ళు తెర్లాయి, చిలపలు దిగాయి. సరిగ్గా అప్పుడే ఈదురుగాలితో వాన! జల్లు పొయ్యిలోకే కొట్టి మంట ఆర్పేసింది. కట్టెలు తడిసి ముద్దయ్యాయి. రంగు పట్టాలంటే ఇంకో గంట వేడి ఉండాలి.

కోటిలింగం గొడుగేసుకుని పరుగున వచ్చాడు. "సగం నీళ్ళు తోడెయ్యమ్మా. ఉన్న నాలుగు పొడి పుల్లలకి సగం కాగే వేడెక్కుద్ది."

మంట తగ్గితే నీళ్ళు తగ్గించడం అక్కడి వాళ్ళందరూ చేసే పనే. రాఘవమ్మ చెయ్యి చెంబు దాకా వెళ్ళి ఆగిపోయింది. పనయ్యాక కాగు కడగడానికి ఎన్ని సాయంత్రాలు కాచుక్కూర్చుందో! పొయ్యి రాళ్ళు చల్లబడి పిల్లి వచ్చి పడుకున్నా, నిండు కాగులో నీళ్ళు మాత్రం చెయ్యి పెట్టనిచ్చేవి కావు. అదే చెంబెడు తోడి పక్కన పెడితే ఇట్టే చల్లారేవి.

"తోడను బావగారూ. నిండా ఉంటేనే వేడి నిలబడుద్ది."

"అమ్మ చెప్పింది నిజమే పెదనాన్నా," అంది పదో తరగతి చదివే కూతురు భానుశ్రీ. "నీళ్ళకి విశిష్టోష్ణం ఎక్కువ. అంతే బరువు ఇసుక కంటే అయిదు రెట్లు వేడి తాగితేగానీ కాగవు. వదలడమూ నిదానమే."

"అది పరీక్షలో రాసుకో. నూలు పాడైతే మీ అమ్మ ఏం రాసుద్ది?"

రాఘవమ్మ మూత వేసి, గోనెసంచులు కప్పి, పాత బొంత కప్పి, చాలక మంచం మీది దుప్పటి కూడా లాక్కొచ్చింది. పావుగంటకోసారి మూత ఓరగా తీసి, గబగబా చిలపలు తిప్పి మూసేసేది. తీసినప్పుడల్లా ఆవిరి మొహానికి కొట్టేది. కొట్టినప్పుడల్లా ఆమెకు పట్టలేని సంతోషం. భానుశ్రీ ఫోనులో నిమిషాలు చూస్తూ ఒక్కచోట నిలబడలేకపోయింది.

గంటయ్యాక తీసి, ఉతికి, చూరు కింద ఆరేశారు. కోటిలింగం ఒక చిలప విప్పి లోపలి పోగూ బయటి పోగూ వెలుతురుకు పట్టి చూశాడు. రెండూ ఒకటే ఎరుపు. ఏమీ అనకుండా గొడుగు తీసుకుని వెళ్ళిపోయాడు. రాఘవమ్మకు ఒళ్ళు మండింది. ఒక్క మాట అంటే ఈయన సొమ్మేం పోయింది?

పది నిమిషాల్లో తిరిగొచ్చాడు, భుజాన నూలు మూటతో.

"నీలం అద్దాలి. నాకు రెండుసార్లు మచ్చలొచ్చాయి," అన్నాడు. "నువ్వు పెట్టు రాఘవమ్మా. నేను చిలపలు తిప్పుతా."