దిగుడులో ఇంజన్

బస్టాండులో డ్రైవర్లు ఇంజన్ ఆపకుండానే చాయ్ తాగడానికి దిగిపోతారు. ఆ పొగకు నాకు దగ్గు వస్తుంది. దగ్గుతో పాటు మా పంచాయతీ సమితి అధ్యక్షులవారు గుర్తుకొస్తారు.

ఆయన నడుస్తున్న జీపుకే ఇంజన్ ఆపించేవారు. దిగుడు రాగానే డ్రైవర్ భుజం తట్టి, "బంద్ చెయ్, దానంతటదే పోతది. పెట్రోల్ సర్కార్‌ది," అనేవారు. సమితి గుమాస్తానైన నాకు భూమ్యాకర్షణ మీద గౌరవం కాలేజీలో కాదు, ఆ జీపులో కలిగింది.

అరవైల్లో ఒక వానాకాలం న్యాల్‌కల్ నుంచి తిరిగొస్తుంటే, ఒకామె చేతులు అడ్డం పెట్టి జీపు ఆపింది. కూతురికి పొద్దుటి నుంచి నొప్పులు. కాన్పు తన వల్ల కాదని మంత్రసాని చెప్పేసింది. అధ్యక్షులవారు క్షణం ఆలోచించలేదు. ఇద్దరినీ ఎక్కించుకుని, "జహీరాబాద్ దవాఖానకు పోనియ్, జల్ది," అన్నారు.

వాగు దగ్గర దిగుడు వచ్చింది. ఆయన చెయ్యి అలవాటుగా డ్రైవర్ భుజం తట్టింది, నోరు అలవాటుగా ఆ మాటే అంది. డ్రైవర్ కూడా అలవాటుగానే ఇంజన్ ఆపాడు. జీపు జారి తడి ఇసుకలో ఆగిపోయింది.

"బ్యాటరీ సచ్చింది సాబ్. కొత్తది అడిగితే వద్దంటిరి," అన్నాడు డ్రైవర్.

ధోవతి ఎగగట్టి అందరికంటే గట్టిగా నెట్టింది ఆయనే. జీపు కదలలేదు. లోపల కూతురు మూలగడం మానేసింది. అది మంచికో చెడుకో మాకు తెలియలేదు.

తల్లి బయటికి తొంగి ఆయన ముఖంలోకి చూసింది.

"పటేలా, పెట్రోల్ సర్కార్‌ది. బిడ్డ నాది."