నా పెనాల్టీ కాలిలో నారికురుపు

ఆ సాయంత్రం నేను తన్నిన బంతి గోలు కొయ్యకు తగిలి వెనక్కి వచ్చింది. ప్రాక్టీసే కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. నాకు మాత్రం గుండె జారింది. రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు పోయిన కొత్తలో నేను ప్రొద్దుటూరు కాలేజీ ఫుట్‌బాల్ టీములో చేరాను. చేరిన రెండేళ్ళలో నా పెనాల్టీ ఒక్కటీ తప్పలేదు.

నిజం చెప్పాలంటే నాకు ఆట రాదు. పరిగెత్తితే రొప్పు. తలతో కొట్టమంటే కళ్ళు మూసుకునేవాణ్ణి. మాది బట్టల అంగడి, తరతరాలుగా దిండుకు ఆనుకుని కూర్చునే వంశం. అయినా నన్ను పెట్టుకున్నది ఒక్క పనికి. పన్నెండు గజాల దూరంలో బంతి పెడితే ఎడమ కొయ్యకు జానెడు లోపలగా పంపేవాణ్ణి. ప్రతిసారీ అక్కడికే. అవతలి గోలుకీపర్లకు కూడా ఆ సంగతి తెలుసు. తెలిసినా అందేది కాదు. "మా టీములో పదిమంది ఆటగాళ్ళు, ఒక శెట్టి" అని మా కెప్టెన్ ఓబుల్‌రెడ్డి అందరికీ చెప్పుకునేవాడు.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి చూసుకుంటే కుడికాలి చీలమండ మీద బొబ్బ. నిప్పు పెట్టినట్టు మంట. అమ్మ దీపం దగ్గరికి లాగి చూసింది.

"ఇది నారికురుపురా. పోయినేడు యాడ నీళ్ళు తాగినావు?"

మా వైపు అందరికీ తెలిసిన జబ్బే. దిగుడుబావి నీళ్ళు తాగితే ఏడాదికి కాలిలోంచి తెల్లని దారంలాంటి పురుగు బయటికి వస్తుంది. పోయినేడు పులివెందులలో మ్యాచ్ గెలిచాక టీమంతా ఒక దిగుడుబావికి పోయింది. గోలు కొట్టిన మొనగాణ్ణి కదా, గౌరవంగా నన్నే ముందు దిగమన్నారు. దోసిళ్ళకొద్దీ తాగాను. ఆ గౌరవం ఇప్పుడు చీలమండలో తేలింది.

రెండు రోజులకు బొబ్బ పగిలి పురుగు తల కనిపించింది. మా వీధి చివర గొర్రెలవాళ్ళ ఇంట్లో లక్షుమవ్వ ఉండేది. నారి తీయడంలో చెయ్యి తిరిగిన మనిషి. వచ్చి, పురుగు కొసను చీపురుపుల్లకు చుట్టి, వేలి కణుపంత బయటికి రాగానే ఆపేసి, పైన తడిగుడ్డ కట్టింది.

"అంతేనా అవ్వా?"

"ఈ పొద్దుకు అంతే."

"ఇంకా ఎంతుంది?"

"నాకెట్ల తెలుస్తాది? అది లోపలుంది, నేను బయటుండా."

జమ్మలమడుగు జట్టుతో మ్యాచ్‌కు ఇంక పది రోజులే ఉంది. నేను బేరానికి దిగాను. "పూటకొక చుట్టు తిప్పరాదా? పోనీ, రెండు రోజులకు మూడు?"

"ఇది మీ అంగడి గుడ్డ కాదప్పా, కొలిచి చింపనీకి" అని అవ్వ లేచిపోయింది.

ఆ మాటే నాకు దారి చూపించింది. గుడ్డ చింపడం నాకు చేతనైన పనే. అంచున చిన్న గాటు పెట్టి, తటపటాయించకుండా ఒక్క ఊపు ఊపితే గీత గీసినట్టు చినుగుతుంది. మెల్లగా లాగితేనే వంకర పోతుంది. పురుగుకూ అదే సూత్రం అనుకున్నాను. ఏడో రోజు మధ్యాహ్నం, అమ్మ పెరట్లో ఉండగా, పుల్ల పట్టుకుని ఒక్క ఊపు ఊపాను. జానెడు వచ్చింది. మిగిలింది తెగి లోపలికి పోయింది.

మర్నాటికి కాలు మోకాలిదాకా వాచింది. జ్వరంతో ఒళ్ళు వణుకుతోంది. లక్షుమవ్వ చూసి నన్నొక్క మాట కూడా తిట్టలేదు. అప్పుడు భయమేసింది. "నా చేతిలో పని గాదమ్మా. బండి కట్టించు" అంది అమ్మతో.

జమ్మలమడుగు ఆస్పత్రికి తీసుకుపోయారు. డాక్టరుగారు కోస్తా మనిషి, మాట మెత్తన.

"గినీ వర్మ్. ఎవరు లాగారు దీన్ని?"

"నేనేనండి."

"ఎందుకయ్యా?"

"మ్యాచ్ ఉందండి, ఎల్లుండి."

ఆయన కట్టు విప్పుతూనే అన్నారు, "ముందు కాలు ఉంటుందో లేదో చూద్దాం. మ్యాచ్ సంగతి తర్వాత."

లోపల తెగిన పురుగు యాంకిల్ జాయింట్ పక్కన సెప్టిక్ చేసిందట. ఆ రోజే ఆపరేషన్ చేసి చీము తీశారు. రోజూ పెన్సిలిన్ ఇంజెక్షన్లు, డ్రెస్సింగు. డ్రెస్సింగు మార్చేటప్పుడు నేను అరిచిన అరుపులకు పక్క మంచం ముసలాయన "ఈ శెట్టి నోరు కాలికంటే బాగుంది" అన్నాడు.

మ్యాచ్ అయిన సాయంత్రం ఓబుల్‌రెడ్డి కాళ్ళ దుమ్ము కూడా కడుక్కోకుండా వార్డుకు వచ్చాడు. నేను అడగకముందే చెప్పాడు.

"పెనాల్టీ వచ్చింది."

"ఎవరు తన్నినారు?"

"నేనే."

"యాడికి పోయింది?"

"ఆకాశానికి."

"బంతి దొరికిందా మళ్ళా?"

ఒక్క గోలు తేడాతో ఓడిపోయారు. మంచం పట్టె మీద కూర్చుని, "శానా తప్పు చేసినావురా శెట్టీ. ఇంకో నాలుగు దినాలు ఓర్చుకోలేకపోతివే" అన్నాడు. తిడుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియలేదు. నేను గోడవైపు తిరిగాను.

పదిహేను రోజులకు జ్వరం మళ్ళీ వచ్చింది. ఇంకోచోట చీము. రెండో ఆపరేషన్, ఆ తర్వాత కదలకుండా కాలికి ప్లాస్టర్. రెండు నెలలకు ప్లాస్టర్ తీసినప్పుడు పాదం చెక్కముక్కలా ఉంది. ఎక్స్‌రే పట్టుకుని డాక్టరుగారు చెప్పారు.

"యాంకిలోసిస్. జాయింట్ అతుక్కుపోయింది, ఇక వంగదు. నడుస్తావు, అది అదృష్టం. ఫుట్‌బాల్ మాత్రం మర్చిపో."

"ఎంత దూరం నడవొచ్చండి?"

"ఎంతైనా."

"పన్నెండు గజాలు?"

ఆయనకు అర్థం కాలేదు. వివరించాను. ఎక్స్‌రే బల్లమీద పెట్టి, "నీకు మందు నా దగ్గర లేదయ్యా" అని నవ్వారు. వద్దని మాత్రం అనలేదు. నేను దాన్ని ఒప్పుకోలుగా తీసుకున్నాను.

ఇంటికి వచ్చి, అంగడి వెనక ఖాళీ స్థలంలో గోడమీద సుద్దతో రెండు కొయ్యలు గీసుకున్నాను. మొదటి వారం తన్నినప్పుడల్లా బంతికంటే నేనే దూరం పోయి పడ్డాను. నాయన వాకిట్లో నిలబడి, "ఇంగ చాలు రా, వాళ్ళూ వీళ్ళూ చూసి నవ్వుతాండారు" అన్నాడు. నవ్వేవాళ్ళు నవ్వారు. నేను మళ్ళీ లేచాను.

నెల తిరిగేసరికి ఒక సంగతి గమనించాను. మునుపు పాదం సరిగ్గా బిగబట్టడానికి ఎంత జాగ్రత్తపడేవాణ్ణో! ఇప్పుడు ఆ బాధ లేదు. వంగమన్నా వంగదు. పాదం లోపలి పక్కతో తోస్తే బంతి గజంబద్ద పెట్టి గీసినట్టు పోతోంది.

ఓబుల్‌రెడ్డి దగ్గరికి కుంటుకుంటూ పోయాను. అప్పట్లో మధ్యలో మనిషిని మార్చే పద్ధతి లేదు. దిగినవాడు చివరిదాకా ఉండాల్సిందే.

"నిన్ను పెట్టుకుంటే పదిమందితో ఆడినట్లురా" అన్నాడు.

"మునుపు మాత్రం ఎంతమందితో ఆడినావప్పా?"

వాడు తల గోక్కున్నాడు. "ఇరవై తన్నుతా, ఒక్కటి తప్పినా మళ్ళీ మీ మొగం చూడను" అన్నాను. ముప్పై అన్నాడు. ఇరవై అయిదుకు కుదిరింది. ఇరవై మూడోది కొయ్యకు తగిలి లోపలికి పోయింది. లోపలికి పోయిందా లేదా, అదే లెక్క.

మొదటి మ్యాచ్ పులివెందులలో. ఈసారి నీళ్ళు ఇంటినుంచే తీసుకుపోయాను. నన్ను వెనక, మా గోలు దగ్గర బ్యాక్‌గా కాపలా నిలబెట్టారు. ఆట మొదలైందో లేదో, అవతలి కెప్టెన్ తన బ్యాక్‌లమీద కేకలేయడం వినిపించింది. "వాడు వచ్చినాడప్పా! గోలు ముందర గీతల్లో ఎవుర్నీ ముట్టుకోవద్దండి, పెనాల్టీ ఇస్తారు!"

వాళ్ళు ముట్టుకోలేదు. మా ఓబుల్‌రెడ్డి బంతితో గీతల్లోకి పోతే, కాళ్ళు అడ్డం పెట్టాలా వద్దా అని తటపటాయించి దారి ఇచ్చేశారు. రెండు గోలులు కొట్టాడు. వాళ్ళు ఒకటి కొట్టారు, అదీ నా పక్కనుంచే, నేను తిరిగేలోపే. పెనాల్టీ రాలేదు. ఆటంతా అయినా నేను బంతిని పట్టుమని నాలుగుసార్లు తన్నలేదు.

దిగులుగా కూర్చుంటే ఓబుల్‌రెడ్డి వచ్చి నా కుడిపాదం తన ఒళ్ళోకి లాక్కుని, ఆటకోసం చీలమండకు చుట్టిన కట్టు విప్పాడు. "నువ్వు ఊరికే నిలబడుకోరా శెట్టీ. తన్నకపోయినా చాలు."

ఆ ఏడాదంతా నిలబడ్డాను. మూడు పెనాల్టీలు వచ్చాయి. మూడూ ఎడమ కొయ్యకు జానెడు లోపల.

ఇప్పుడు అంగట్లో కూర్చుంటున్నాను. మెట్లు పక్కకు తిరిగి దిగుతాను. చలికాలం చీలమండ సలుపుతుంది. ఆదివారాలు ఇంకా తన్నుతాను. చూడటానికి వికారంగా ఉంటుందని మా ఆవిడ అంటుంది. బంతి పోయే చోటు చూడమంటాను.

ఇది చదివేవాళ్ళలో ఎవరి కాలిలోనైనా నారి బయటపడి ఉంటే వాళ్ళకు ఒక్క మాట. పుల్లకు చుట్టి, తడిగుడ్డ కట్టి, అది రోజుకు ఎంత వస్తే అంతే రానివ్వండి. ఎన్ని వారాలు పట్టినా చేత్తో లాగొద్దు. పెళ్ళి ఉన్నా, పరీక్ష ఉన్నా, మ్యాచ్ ఉన్నా సరే. మ్యాచ్ మళ్ళీ ఏడు కూడా పెడతారు.