ధర్మకాంటా ఎక్కిన మా అన్నదమ్ములు

మా అవ్వ కన్నది నలుగురిని. ఒకే కుండలో అన్నం తిన్నాం, ఒకే చీపురుకట్టతో దెబ్బలు తిన్నాం. అయినా ఒకరి గుణం ఇంకొకరికి అంటలేదు. పెద్దన్న జగిత్యాలలో మామిడికాయల వ్యాపారం చేస్తాడు. ఆయనకు ముందు కోపం వస్తుంది, తర్వాత సంగతేమిటని అడుగుతాడు. చిన్నన్నకు కోరుట్లలో మందుల దుకాణం ఉంది. ఆయనకు కోపం రాదు, అనుమానం వస్తుంది. తెల్లవారిందని చెప్తే ఎవరు చెప్పారని అడిగే మనిషి. తమ్ముడిది సిరిసిల్ల. నాలుగు సాంచాలు నడుపుతాడు, అంటే మరమగ్గాలు. వాడికి కోపమూ లేదు, అనుమానమూ లేదు. ఏమడిగినా "సరే" అంటాడు. ఆ సరేను నమ్ముకుని బస్టాండ్లలో ఎదురుచూసినవాళ్ళు మా చుట్టాల్లో చాలామందే ఉన్నారు.

ఇక నేను. పెగడపల్లిలో జాకెట్లు కుడతాను. అవ్వ నా దగ్గరే ఉంటుంది. నా గుణం గురించి మా ఆయన చెప్తాడు: "నువ్వు తిట్టుకుంటనే పనిజేస్తవు, పనిజేసుకుంటనే తిడుతవు." అందులో అబద్ధమేమీ లేదు.

పోయిన ఎండాకాలం అవ్వకు రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరాయి. చాయలో ఉప్పు వేసింది. గోడకు ఆనించిన చాపను చుట్టమనుకుని కూర్చోమంది. జగిత్యాల దవాఖానలో డాక్టరమ్మ చూసి, ఇప్పటికే ఆలస్యం చేశారని, ఇంకా ఆగితే చూపు వస్తుందని తాను మాట ఇవ్వలేనని చెప్పింది. ఆపరేషన్‌కు సోమవారం పొద్దున పదకొండుకల్లా చేర్చమంది. నేను సరేనన్నాను. అవ్వ మాత్రం కుర్చీలోంచి లేచింది.

"నా మొక్కు తీరనిది నా కంటికి ఎవ్వలు సూది ముట్టియ్యద్దు."

ఆ మొక్కు సంగతి చెప్పాలి. ఒక వానాకాలం అన్నదమ్ములు ముగ్గురికీ ఒకేసారి డెంగీ వచ్చింది. ఒకే గదిలో మూడు మంచాలు. పెద్దన్న సెలైన్ మెల్లగా ఎక్కుతోందని సీసాను తిట్టాడు. చిన్నన్న తన రక్తపరీక్ష కాగితం, పక్కమంచం కాగితం పోల్చి చూసి రెండూ తారుమారయ్యాయన్నాడు. తమ్ముడు బొప్పాయి ఆకు రసం తాగుతానని అందరికీ మాటిచ్చి అంతా కిటికీ అవతల పోశాడు. వరండాలో అవ్వ సమ్మక్క తల్లికి దండం పెట్టి, ముగ్గురూ లేచి తిరిగితే నిలువెత్తు బంగారం ఇస్తానని మొక్కుకుంది. మా దిక్కు అమ్మవారి బంగారమంటే బెల్లమే. మనిషిని తక్కెడలో కూర్చోబెట్టి సరితూగిన బెల్లం సమర్పిస్తాం. అంతవరకు బాగానే ఉంది. కానీ అవ్వ అక్కడితో ఆగలేదు. "ముగ్గురు కొడుకులను ఒక్క తక్కెడల ఒక్కపారే కూసోబెడుత తల్లీ" అంది.

అప్పుడు వాళ్ళకు నీళ్ళు పట్టింది నేను, గంజి కాచింది నేను, దుప్పట్లు ఉతికింది నేను. మొక్కులో మాత్రం నా ఊసు లేదు. ఎవరికి చెప్పుకోను? నాకు డెంగీ రాకపోవడమే నా తప్పనుకున్నాను. కోపం మాత్రం పోలేదు.

డెంగీ తగ్గాక ఆ ముగ్గురూ ఒక్క చోట కుదురుగా కూర్చున్నది లేదు. పంచాయితీలేమీ లేవు, పగలు లేవు, ఉన్నవన్నీ గుణాలే. పెద్దన్న ఒక మాట గట్టిగా అంటాడు. దానికి రుజువేమిటని చిన్నన్న అడుగుతాడు. తమ్ముడు ఇద్దరికీ "నువ్వన్నదే నిజం" అంటాడు. తర్వాత ఇద్దరూ కలిసి తమ్ముడి మీద పడతారు. ఇలా ఒక్క పూట జరిగితే మళ్ళీ ఒక ఏడాది ఎవరి ఇంట్లో వాళ్ళుంటారు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదని ఊరికే అన్నారా?

డాక్టరమ్మ మాట, మొక్కు మాట చెప్పడానికి ముగ్గురికీ ఫోన్ చేశాను.

"ఎవరామె? మా అవ్వ కండ్లు పోతయంటదా?" అని పెద్దన్న అరిచాడు.

"ఇంకో డాక్టరుకు చూపెట్టినవా? ఏ మిషన్ మీద చూసిండ్రు?" అని చిన్నన్న అడిగాడు.

"అక్కా, నువ్వెట్లంటే గట్లనే. సోమారం పొద్దుగాల్నే నీ ముందుంట" అన్నాడు తమ్ముడు. ముగ్గురిలో నన్ను ఎక్కువ భయపెట్టింది ఈ జవాబే.

జగిత్యాలలో బెల్లం దుకాణానికి పోయి సంగతి చెప్పాను. దుకాణం సేటు తన తక్కెడను పైకీ కిందికీ చూశాడు. "ఒక్కొక్కల్నైతే ఏస్త. ముగ్గురు ఒక్కపారి కూసుంటే దూలం ఇరుగుతదమ్మా" అన్నాడు. ఒక్కొక్కరిని వేస్తే అవ్వ ఒప్పుకోదు. చివరికి ఆ సేటే ఉపాయం చెప్పాడు, ధర్మకాంటాకు పొమ్మని. వడ్ల లారీలను నిలువునా తూచే కాంటా అది. ఊరి బయట రోడ్డు పక్కన ఉంటుంది. లారీని మోసే కాంటా ముగ్గురు మనుషులను మోయదా? అవ్వ ఒకటే అడిగింది, అది తక్కెడేనా అని. తక్కెడకు తాత అని చెప్పాను.

సోమవారం పొద్దున కాంటా దగ్గర వడ్ల లారీలు వరుసగా ఆగి ఉన్నాయి. అవ్వను వేపచెట్టు కింద కుర్చీలో కూర్చోబెట్టాను. పెద్దన్న అందరికంటే ముందొచ్చి, ఎవరూ రాలేదని అప్పటికే లారీ డ్రైవర్లను తిడుతున్నాడు. చిన్నన్న చెప్పిన టైముకు వచ్చి, కాంటాకు సర్కారు ముద్ర ఎప్పుడు వేశారో అడుగుతున్నాడు. అద్దం గదిలో కూర్చున్న గుమాస్తా మా మొక్కు అంతా ఓపికగా విని, కంప్యూటర్ వైపు తిరిగాడు.

"బండి నంబర్ చెప్పుండ్రి."

"బండి లేదు. మేమే" అన్నాడు పెద్దన్న.

"నంబర్ లేకుంటే ఇది ముందుకు పోదు సార్."

"మనుషులకు నంబర్ ఉంటదారా?"

నేను నా స్కూటీ నంబర్ ఇచ్చాను. గుమాస్తా రాసుకుని, "ఖాళీ బండి తూకం ఎప్పుడేస్తరు?" అన్నాడు. పెద్దన్న అద్దం మీద గుద్దబోయాడు. చిన్నన్న ఆయన చెయ్యి పట్టుకుని, "ఆయన అడిగిందాంట్ల న్యాయమున్నది. బట్టలు, చెప్పులు తియ్యాలె గదా" అన్నాడు. అక్కడే గోడకు ఆనుకుని జేబులోంచి ఫోన్, తాళాలు, కళ్ళద్దాలు అన్నీ తీసి పెట్టాడు. అంతటితో ఆగక, ఈ కాంటా పది కిలోల కింద లెక్క చూపదు కదా, అమ్మవారికి తక్కువ పడితే ఎలా అన్నాడు. నాలుగు బెల్లం ముద్దలు ఎక్కువ పెడదాం, ఎక్కి కూర్చోమన్నాను. ఇనుప రేకు అప్పటికే కాలుతోంది. గోనెసంచులు పరిచాను. పెద్దన్న ఈ చివర కూర్చున్నాడు, చిన్నన్న ఆ చివర. మధ్యలో ఒక లారీ పట్టేంత జాగా. ఒక్క తక్కెడే కదా, తప్పు పట్టడానికి లేదు.

ఇక తమ్ముడు రావాలి. ఫోన్ చేశాను.

"ఏడున్నవురా?"

"వేములవాడ దాటిన అక్కా. గిదే, అచ్చిన్నే అనుకో."

వాడి మాట వెనక సాంచాలు టకటకమని ఆడుతున్నాయి. వేములవాడ దాటాక రోడ్డు మీద సాంచాలుండవు. అడిగితే "సరే అక్కా" అని పెట్టేశాడు. పదిన్నర అయ్యింది. వెనక లారీ డ్రైవర్ హారన్ మీద చెయ్యి తీయడం లేదు. వీడు రాకపోతే అవ్వ దవాఖాన గడప తొక్కదు. గడప తొక్కకపోతే కళ్ళు పోతాయి. నాకు చెప్పలేనంత దుఃఖం, అంతకు మించి కోపం వచ్చాయి. పెద్దన్న మెడలో తువ్వాల లాక్కుని తమ్ముడిలా తలకు చుట్టుకుని, వాళ్ళిద్దరి మధ్యకు పోయి కూర్చున్నాను.

"నువ్వెందుకే? మొక్కు కొడుకులది" అన్నాడు పెద్దన్న.

"చెల్లె, ఇది చెల్లుతదంటవా?" అన్నాడు చిన్నన్న.

"నోర్మూసుకుని కూసోండ్రి. అవ్వ కండ్లు పోయినంక ఇద్దరు కూసుండి మాట్లాడుకోండ్రి" అన్నాను. బతుకులో మొదటిసారి ఇద్దరూ ఒకేసారి ఊరుకున్నారు.

అవ్వ కర్ర పట్టుకుని కాంటా ఎక్కింది. నేను ఆ సంగతి లెక్కలోకి తీసుకోలేదు. దూరం నుంచి చూసి సరేనంటుందనుకున్నాను. కానీ కళ్ళు కనపడని మనిషి చేత్తోనే చూస్తుంది కదా. పెద్దన్న బట్టతల తడిమింది. "మెల్లగవ్వా" అని ఆయన అప్పుడూ అరిచాడు. నూనె రాసిన చిన్నన్న తల తడిమింది. తర్వాత నా దగ్గరికి వచ్చింది. తువ్వాల మీద చెయ్యి పెట్టి, కిందికి జరిపి, నా కొప్పు దగ్గర ఆగింది. అక్కడి నుంచి చెయ్యి తీయలేదు.

"తల్లీ," అంది, నాతో కాదు, ఆకాశం వైపు మొహం పెట్టి. "నేను తప్పు మొక్కిన. ముగ్గురు కొడుకులంటి. గీ బిడ్డను మొక్కుల కలుపకపోతి. గప్పుడు వాళ్ళను లేపింది ఇదే. ఎవ్వలు కూసున్నరో నీకెర్కనే. గీ తూకమే నాది, తీసుకో." తర్వాత అద్దం గది వైపు తిరిగి, "ఇగ నాయినా, తూకం ఎయ్యి. నేను దిగుత" అంది.

నేను తువ్వాలలో మొహం పెట్టుకుని ఏడ్చాను. నా ఏడుపు చూసి పెద్దన్నకు కోపమొచ్చింది. ఏడిస్తే తూకం మారుతుందేమోనని చిన్నన్న గుమాస్తాను అడిగాడు. గుమాస్తా మైకులో అంకె చదివాడు. బెల్లం తెచ్చే పని అన్నలకు అప్పజెప్పి, ఆటో మాట్లాడుకుని అవ్వా నేనూ దవాఖానకు బయల్దేరాం.

గేటు దగ్గర ఆటో దిగుతుంటే ఫోన్ మోగింది. తమ్ముడే. "అక్కా, ఇంకో ఐదు నిమిషాలల్ల కాంటా కాడుంట, ఆపుండ్రి" అంటున్నాడు. అవ్వ చెయ్యి చాపి ఫోన్ అడిగింది. చెవి దగ్గర పెట్టాను.

"ఇగ ఉరుకకు కొడుకా. నీ తూకం అయిపోయింది. నీ పని చూసుకో" అంది.

వాడు సరే అన్నాడు. ఈసారి ఆ మాటకోసం అవ్వ ఆగలేదు. నా భుజం పట్టుకుని దవాఖాన మెట్లు ఎక్కింది.