ఆవిడ అడిగింది తేదీ ఒక్కటే

మొన్న ఆదివారం సిడ్నీ శివారు స్కోఫీల్డ్స్‌లో మా అమ్మాయి ఇంట్లో పెసరట్లు వేస్తున్నాను. మా అమ్మాయి బల్ల దగ్గర కూర్చుని ఫోను చూస్తూ నా వీలునామా సంగతి ఎత్తింది. నాకు అరవై రెండేళ్ళు వచ్చాయి కనుక అది ఎత్తడంలో తప్పూ లేదు, నేను నొచ్చుకోనూ లేదు. "ఇప్పుడు ప్రొబేట్ అంతా ఆన్‌లైనే అమ్మా. జస్ట్ సర్‌నేమ్ కొడితే చాలు, చూడు," అంటూ ఫోను నా ముందుకు చాపింది. తెరమీద ఎవరెవరివో పేర్లు, పక్కన వాళ్ళు పోయిన తేదీలు, ఉండిన ఊళ్ళు వరసగా వచ్చి నిలబడ్డాయి. అర నిమిషం కూడా పట్టలేదు. పెనంమీద అట్టు మాడింది గానీ నా చూపు ఆ పేర్లమీంచి కదల్లేదు. ఒకప్పుడు అలాంటి ఒక్క పేరు కోసం నేను ఐదు నెలలు వెతికాను.

అది ముప్పై ఏళ్ళ కిందటి మాట. మాది తెనాలి. పెళ్ళయిన రెండో ఏడు మావారి ఉద్యోగం మూలాన బ్రిస్బేన్‌లో కాపురం పెట్టాం. ఆయన గనుల్లో ఇంజనీరు కావడంతో మూడు వారాలు గని దగ్గరా ఒక వారం ఇంట్లోనూ ఉండేవారు. ఆ మూడు వారాలూ ఎలా గడిచేవో ఆ రోజుల్లో ఈ దేశం వచ్చినవాళ్ళకి నేను చెప్పనక్కర్లేదు. తెలుగువాళ్ళంటే ఊరి ఆ చివర ఇద్దరు, ఈ చివర ఇద్దరు. కారు నడపడం రాని నాకు ఆ నలుగురూ వేరే దేశంలో ఉన్నట్టే లెక్క. ఒక్కోసారి వారం రోజుల పాటు ఒక్క తెలుగు మాట నా నోట్లోంచి వచ్చేది కాదు. గొంతు పనిచేస్తోందో లేదో చూసుకోవడానికన్నట్టు పొయ్యిమీది కుక్కరుతో మాట్లాడేదాన్ని.

అందుకే ఒక చిన్న లాయర్ల ఆఫీసులో గుమాస్తా పని దొరికినప్పుడు జీతం ఎంతో కూడా సరిగా వినకుండా ఒప్పుకున్నాను. కోర్టు రిజిస్ట్రీకి వెళ్ళి పోయినవాళ్ళ ఫైళ్ళు వెతికి తేవడం నా పని. ఎవరైనా పోతే, వాళ్ళ వీలునామా సరైనదేనని కోర్టు ఒప్పుకున్నాకనే ఇల్లూ వాకిలీ పంచుకోవడానికి వీలవుతుంది. ఆ ఒప్పుకోలునే ప్రొబేట్ అంటారు. ఆ కాగితాలన్నీ ఒక ఫైలుగా కుట్టి దాస్తారు, అడిగినవాళ్ళకి చూపిస్తారు. అయితే ఫైలు నంబరు తెలియాలి, నంబరు కోసం పేర్ల జాబితా చూడాలి. ఆ జాబితా చీమ తలకాయంత అక్షరాలతో ఫిల్ము రేకులమీద ఉండేది. రేకుని యంత్రం కింద పెట్టి, పక్కకి జరుపుకుంటూ, కళ్ళు నీళ్ళు కారేదాకా చూడాలి. తరవాత చీటీ రాసిచ్చి, లోపలినించి ఫైలు వచ్చేదాకా బెంచీమీద కూర్చోవాలి.

ఆ బెంచీమీద కూర్చోవడం నాకు బాగుండేదంటే మీరు నవ్వుతారేమో. అక్కడ ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు కనుక, నాకు మాట్లాడే మనిషి లేడన్న సంగతి అక్కడ బయటపడేది కాదు. ఫైళ్ళలో మటుకు ఎంతమంది మనుషులుండేవారో! తన పిల్లిని ఫలానా వీధి చివరింటావిడకే ఇవ్వాలని రాసిన ముసలాయన, ముగ్గురు కొడుకుల పేర్లూ రాసి అందులో ఒకదాన్ని కొట్టేసి, మళ్ళీ పైన అదే పేరు రాసుకున్న తల్లి. వాళ్ళని తలుచుకుంటూ ఇంటికి వెళ్ళేదాన్ని.

అలా ఉండగా కాకినాడ నుంచి ఒక ఎయిర్‌మెయిల్ కవరు వచ్చింది. రాసినావిడ మా మేనత్త ఉండే వీధిలోనే ఉంటారు. మా మేనకోడలు ఆస్ట్రేలియాలో కోర్టులో పనిచేస్తోందని మా మేనత్త వీధంతా చాటినట్టుంది, జడ్జీనని కూడా చెప్పిందేమో తెలీదు. ఆవిడకి అప్పటికే డెబ్బై దాటాయి. మా అత్త ఆవిడని అక్కయ్యగారు అనేది కనుక నేనూ అలాగే అనుకునేదాన్ని. ఉత్తరంలో విషయం ఇది: ఆవిడ అన్నగారు బ్రిస్బేన్‌కి రెండు గంటల దూరంలో ఉన్న టూవూంబాలో డాక్టరు, పెళ్ళి చేసుకోలేదు. ఇరవై ఏళ్ళుగా వాళ్ళిద్దరికీ మాటల్లేవు. చివరికి ఆవిడే మెట్టు దిగి ఉత్తరం రాస్తే, మనిషి పోయాడని కవరుమీద ఎవరో రాసి తిప్పి పంపారు. ఎప్పుడు పోయిందీ రాయలేదు. "అమ్మాయీ, తిథి తెలియకపోతే మహాలయ అమావాస్యనాడు పెట్టేసినా చెల్లుతుందని పురోహితుడు అంటున్నాడు. నాకు మనసొప్పడం లేదు. మా అబ్బాయి చేత వాడి మేనమామకి సరైన రోజున పెట్టించాలని ఉంది. నాకు ఆస్తిపాస్తుల ఊసు వద్దు. తేదీ ఒక్కటీ కనుక్కుని రాయి, పంచాంగం నేను చూసుకుంటాను," అని రాశారు.

అదెంత పని అనుకున్నాను. మర్నాడే ఆయన ఇంటిపేరుతో ఐదారేళ్ళ రేకులు చూశాను, లేదు. ఇంగ్లీషులో ఆ పేరుని ఎన్ని రకాలుగా రాయొచ్చో అన్ని రకాలుగానూ చూశాను, లేదు. పెట్టిన పేరుతో చూశాను, అదీ లేదు. పోయినవాళ్ళందరికీ ఫైలు ఉండదు, ఆస్తి లేకపోతే ప్రొబేట్ అవసరమే రాదు. ఈయనకీ లేదేమో అని కూడా అనిపించింది. అయినా ఆఫీసు పని అయ్యాక రోజూ ఒక గంట ఆ యంత్రం ముందు కూర్చోవడం మానలేదు. నిజం చెప్పాలంటే, కాకినాడనించి నెలకో ఉత్తరం రావడం నాకు అలవాటైపోయింది. వెతుకులాట అయిపోతే ఆ ఉత్తరాలూ ఆగిపోతాయన్న బెంగ ఒక మూల ఉండేది.

రిజిస్ట్రీ కౌంటర్ దగ్గర రిటైరవబోతున్న ఒక పెద్దాయన ఉండేవారు. ఐదో నెలలో ఒక సాయంత్రం, ఏమిటమ్మా ఇన్నాళ్ళుగా వెతుకుతున్నావు అని అడిగితే చెప్పాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, "ఆయన పేరేమిటని కాదు అమ్మా, ఇక్కడివాళ్ళు ఆయన్ని ఏమని పిలిచేవారో అది చూడు," అన్నారు. అక్కయ్యగారి అన్నగారి పేరు చివర రావు ఉంది. ఆస్పత్రిలో అంత పొడుగు పేరు ఎవరు పిలుస్తారు? డాక్టర్ రావు అయి ఉంటారు. చివరికి కాగితాలమీద కూడా ఆయన ఆ పేరే పెట్టేసుకున్నారన్నమాట. తెలుగుదాన్నయి ఉండీ నాకు తట్టని సంగతి ఒక తెల్లాయనకి తట్టిందని సిగ్గుపడుతూ రేకు మార్చాను. రెండో వరసలోనే ఉన్నారు. టూవూంబా, రిటైర్డ్ డాక్టరు.

ఫైలు పల్చగా ఉంది. మరణ ధ్రువపత్రంలో పుట్టిన ఊరు కాకినాడ అని ఉంది, అయితే ఆయనే. పోయి అప్పటికి మూడేళ్ళయింది. తేదీ రాసుకున్నాను. నా పని అంతటితో అయిపోయింది, ఫైలు మూసెయ్యొచ్చు. కానీ వీలునామా చదివాను. ఇల్లు పక్కింటి నర్సుకి రాశారు, అమలు చేసే బాధ్యతా ఆమెకే. కింద ఒక వాక్యం ఉంది: నాకు జీవించి ఉన్న బంధువులు ఎవరూ లేరు.

కాకినాడలో ఒకావిడ పంచాంగం పక్కన పెట్టుకుని నా ఉత్తరం కోసం కూర్చుని ఉంది. ఇక్కడ ఈయన ఎవరూ లేరని సంతకం పెట్టి పోయారు. ఆ రోజు రిజిస్ట్రీ మూసేవేళ దాకా ఆ బెంచీమీదే కూర్చున్నాను.

ఆ శనివారం మావారు గని దగ్గరే ఉన్నారు. బస్సెక్కి, కొండెక్కి, ఒక్కదాన్నే టూవూంబా వెళ్ళాను. ఎందుకు వెళ్ళానంటే, ఆ ఒక్క వాక్యం తప్ప ఆయన గురించి ఇంకేమైనా ఉంటుందేమోనని. నర్సుగారు డెబ్బై ఏళ్ళ తెల్లావిడ, ఆస్పత్రిలో ఆయనతో ఇరవై ఏళ్ళకి పైగా పనిచేశారట. టీ ఇచ్చి, మాట తక్కువ మనిషి అని చెప్పారు. డాక్టరుగారు తన చెల్లెలి పేరు ఎప్పుడైనా ఎత్తారా అని అడిగాను. లేదన్నారు. తరవాత తనే చెప్పారు. "ఏడాదికొక రోజు మాత్రం మధ్యాహ్నం దాకా ఏమీ తినేవాడు కాదు. తనే అన్నం వండి, ముద్దలు చేసి, వెనక కంచెమీద పెట్టి నిలబడేవాడు. కాకుల కోసమట. అవెప్పుడు వస్తాయి, ముందు మ్యాగ్‌పై పిట్టలే వచ్చేవి. అవి తినేస్తున్నాయి డాక్టర్ అంటే, ఫర్వాలేదు, ఈ దేశంలో వీటితోనే సర్దుకోమను అమ్మని, అనేవాడు."

నా చేతిలో కప్పు కింద పెట్టేశాను. తల్లి తిథి అది. నర్సుగారికి అదేమిటో తెలీదు, నేను చెప్తే ఆవిడ లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి ఆ కంచెకేసి చూశారు.

కాకినాడకి రాసిన ఉత్తరంలో తేదీ రాశాను, నర్సుగారు చెప్పిన వేళ రాశాను, అన్నం ముద్దల సంగతి పూసగుచ్చినట్టు రాశాను. వీలునామాలోని ఆ వాక్యం మాత్రం రాయలేదు. అది నేను చెయ్యవలసిన పనేనా అన్నది ఇప్పటికీ తేల్చుకోలేదు. నెల తిరక్కుండా జవాబొచ్చింది: తేదీ పంచాంగంతో సరిచూశామని, బహుళ దశమి అని, ఫైలు నకలు కూడా పంపమని. ఆవిడ మనవడు ఇంగ్లీషు చదవగలడు. పంపకపోతే ఏదో దాచినట్టవుతుంది, పంపితే ఏమవుతుందో తెలుసు. రెండు వారాలు బల్లమీద ఉంచుకుని, చివరికి పంపాను.

ఆ జవాబు నా దగ్గర ఇంకా ఉంది. వణికే అక్షరాలు. "అమ్మాయీ, నువ్వు ముందు ఉత్తరంలో రాయనిది ఎందుకు రాయలేదో అర్థమైంది, నీ మనసు మంచిది. కానీ ఆ మాట మా అన్నది కాదు, నాది. అమ్మ పోయినప్పుడు అన్నయ్య రాలేదని, ఈ రోజు నించి నీకు మేమెవరమూ లేము అని నేనే రాశాను. ఆ ఉత్తరంలోనే అమ్మ తిథి కూడా రాశాను. అన్నయ్య చిన్నప్పటినించీ నా మాట దాటేవాడు కాదు. రెండూ పాటించాడు." అంతే రాశారు. కింద ఆశీస్సులు.

ఆ తరవాత కూడా చాలా ఏళ్ళు మా మధ్య ఉత్తరాలు నడిచాయి. మా అమ్మాయి పుట్టినప్పుడు ఏ పత్యం చెయ్యాలో ఆవిడే రాశారు. ఆ తరవాత మేం ఇళ్ళు మారాం, ఊళ్ళు మారాం, ఉత్తరాలు ఫోన్లయ్యాయి, ఫోన్లు పండగ సందేశాలయ్యాయి. ఈ రోజుల్లో ఎవరూ ఎవరికీ నీకు మేము లేమని ఉత్తరం రాయరు. సందేశానికి జవాబివ్వడం మానేస్తారు, మెల్లగా పేరు జాబితాలో అడుక్కి జారిపోతుంది. కోపంతో రాసిన మాటనైనా ఎవరో ఇరవై ఏళ్ళు దాచుకోగలరు. అసలు రాయని మాటని ఏం చేసుకుంటారు?

మా మేనత్త పోయింది, మావారు పోయారు. కాకినాడ అక్కయ్యగారు కూడా ఉండి ఉండరు, ఉంటే వందేళ్ళు దాటి ఉంటాయి. ఎప్పుడు పోయారో నాకు తెలీదు. ఆ వీధిలో అడగడానికి నాకిప్పుడు ఒక్కరు కూడా లేరు. ఆస్తంటూ ఏమీ లేని ఆవిడ పేరున ఏ కోర్టులోనూ ఫైలు ఉండదు. ఏటా భాద్రపదంలో అమావాస్యనాడు ఇంత అన్నం పక్కన తీసి పెడుతున్నాను, తేదీ తెలియని వాళ్ళకి అదే రోజు కనుక.