గీత ఎక్కడిదాకా?

మా పిన్నిని బడిలో అందరూ గీతల టీచర్ అనేవారు. భిన్నం రాసేటప్పుడు పై అంకెకీ కింది అంకెకీ మధ్య గీత ఎవరైనా పొట్టిగా గీస్తే ఆవిడకు ఒళ్లు మండేది. "గీత పూర్తిగా గియ్యండర్రా! అది ఎక్కడాగితే భిన్నం అక్కడే ఆగిపోతుంది" అని స్కేలుతో బల్ల మీద కొట్టేది. పిల్లల్ని మాత్రం ఎన్నడూ కొట్టలేదు. సొట్టలన్నీ బల్లకే.

చూపు మెల్లమెల్లగా పోయింది. పోయాక, బోర్డు చూడలేని టీచరుతో పనేముందని బడివాళ్లు ఆవిడను చాలా మర్యాదగా ఇంటికి పంపేశారు. ఆ మర్యాద తలుచుకుంటే నాకిప్పటికీ అరికాలి మంట నెత్తికెక్కుతుంది. పిన్ని మాత్రం కంప్యూటర్ ముందు కూర్చుని, తెర మీది రాతను చదివి వినిపించే ప్రోగ్రాంని పట్టుబట్టి నేర్చుకుంది. దానికి గుమాస్తా అని పేరు కూడా పెట్టింది. "మీ బాబాయి కంటే నయమే, ఒకటికి పదిసార్లు అడిగినా విసుక్కోడు" అనేది.

అలా ఉండగా ఒక ఆన్‌లైన్ బడికి లెక్కల టీచరు కావలసివచ్చింది. ఒక పాఠం చెప్పి చూపించాలి, నచ్చితే ఉద్యోగం. చిక్కల్లా వాళ్ల పాఠాల పేజీతోనే. అందులో లెక్కలన్నీ బొమ్మలుగా అతికించి ఉన్నాయి. లెక్క దగ్గరికి రాగానే గుమాస్తా "చిత్రం" అని ఊరుకునేవాడు. పిన్ని ఫోన్ చేసి అడిగితే, ఆ బడి ప్రిన్సిపాల్ ఎవరిచేతో ఆ బొమ్మల వెనక, కంటికి కనిపించకుండా గుమాస్తా మాత్రమే చదివేలా, మాటలు రాయించాడు.

"ఇది కూడా పోతే ఇక లెక్కల మాట నా దగ్గరెత్తకే" అంది పిన్ని పాఠం రోజు పొద్దున. నవ్వుతూ అనలేదు. "ఇంకోటి. పక్కన కూర్చో గానీ నోరు విప్పకు. నువ్వు అందిస్తే అది నీ పాఠమవుతుంది, నాది కాదు."

నేను వెబ్ పేజీలు తయారుచేసే మనిషిని. నోరు మూసుకుని కూర్చోవడం నా జాతకంలోనే లేదు. అయినా ఒట్టేశాను. ఇయర్‌ఫోను చెరో చెవిలో పెట్టుకున్నాం.

తెర మీద పిల్లల మొహాలు వరసగా వచ్చాయి. ఒక గడి మాత్రం నల్లగా ఉంది. "ఆ అమ్మాయి వీడియో పెట్టదండీ. లెక్కల్లో బాగా వీకు, పట్టించుకోకండి" అన్నాడు ప్రిన్సిపాల్ ముందే.

పిన్ని మీట నొక్కింది. గుమాస్తా చదివాడు: "వన్ బై ఎక్స్ ప్లస్ టూ. ఎక్స్ విలువ వన్ అయితే దీని విలువ ఎంత?"

నేను గబుక్కున తెర వైపు చూశాను. తెర మీద గీత పొడుగ్గా ఉంది. పైన వన్, కింద ఎక్స్ ప్లస్ టూ మొత్తం. చెవికి మాత్రం గీత ఎక్స్ దగ్గరే ఆగిపోయింది, టూ బయట పడిపోయింది. రాసినవాడు బొమ్మను చూస్తూ రాశాడు కాబట్టి వాడికి అనుమానమే వచ్చుండదు.

"చాలా తేలిక" అంది పిన్ని హుషారుగా. "వన్ బై వన్ అంటే వన్. దానికి టూ కలిపితే త్రీ."

కక్కలేను, మింగలేను. ఆవిడ మోచెయ్యి తట్టబోయి, ఒట్టు గుర్తొచ్చి చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"తప్పు టీచర్! వన్ బై త్రీ రావాలి" అన్నాడో పిల్లాడు. ఎవరో కిసుక్కున నవ్వారు. ప్రిన్సిపాల్ గొంతు సవరించుకున్నాడు.

"మేడమ్, ఇది మరీ చిన్న లెక్కండీ. మీకు ఇబ్బందిగా ఉంటే ఇక్కడితో ఆపేద్దాం."

మళ్లీ అదే మర్యాద. పిన్ని మొహం పాలిపోయింది. చెయ్యి ఇయర్‌ఫోను దాకా వెళ్లింది. నాకు భయమేసింది. ఇప్పుడు గనక అది తీసేస్తే ఆవిడ మళ్లీ పెట్టుకోదు. "వన్ బై త్రీ... వన్ బై త్రీ..." అని లోలోపలే గొణుక్కుంది. తర్వాత చెయ్యి దించింది.

"బాబూ, గీత ఎక్కడిదాకా ఉంది?"

"టూ దాకా టీచర్. టూ కూడా కిందే ఉంది."

"అదీ సంగతి!" అరచేత్తో బల్ల మీద ఒక్కటిచ్చింది. "నేను చూసి కాదు నాన్నా, విని లెక్క చేస్తాను. నాకు గీత వినిపించలేదు. నేను విన్నదానికి త్రీయే వస్తుంది, మీరు చూసినదానికి వన్ బై త్రీ. గీత ఎక్కడాగిందో తెలుసుకోకుండా లెక్క మొదలెట్టకూడదు. నేను మొదలెట్టాను, చూశారుగా!"

ప్రిన్సిపాల్ ఏదో అనబోయాడు. అంతలో నల్ల గడిలోంచి సన్నటి గొంతు వినిపించింది.

"టీచర్, నాక్కూడా త్రీయే వచ్చింది."

పిన్ని ముందుకి వంగింది. "నీకూ కంప్యూటరే చదివి పెడుతుందా తల్లీ?"

"అవును టీచర్. కనిపించదని తెలిస్తే చేర్చుకోరేమోనని అమ్మ ఎవరికీ చెప్పొద్దంది. రోజూ చిత్రం, చిత్రం అనేది. లెక్క వినిపించడం ఇవాళే. అదీ తప్పు వినిపించింది."

నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. పిన్ని నా భుజం తట్టింది.

"ఇప్పుడు విప్పవే నోరు."

విప్పాను. లెక్కను బొమ్మగా అతికించి వెనక తోచిన మాట రాస్తే చాలదని, లెక్కను లెక్కగానే పేజీలో రాసే పద్ధతి ఉందని, అలా రాస్తే గీత పైన ఏముందో కింద ఏముందో చదివే ప్రోగ్రామే చెబుతుందని ప్రిన్సిపాల్‌ని ఊపిరి పీల్చుకోనివ్వకుండా వాయించాను. వాయిస్తూనే ఆ ఒక్క లెక్కనూ అలా రాసి అందరికీ లింకు పంపాను.

నల్ల గడిలోంచి ఆ అమ్మాయి గుమాస్తా గొంతు మా గదిదాకా వచ్చింది. "భిన్నం మొదలు. వన్ బై ఎక్స్ ప్లస్ టూ. భిన్నం ముగింపు."

ప్రిన్సిపాల్ కుర్చీ ముందుకి లాక్కున్నాడు. "మేడమ్, సోమవారం నుంచి ఈ క్లాసు మీదేనండీ. పేజీలన్నీ కూడా..."

"ఒక్క నిమిషం ఆగండి సార్" అంది పిన్ని. "పిల్ల లెక్క చేస్తోంది."