ఉర్దూ తెలిసినవాడు కావలెను

అది 1957. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఏడు. ప్రొద్దుటూరులో నాకొక చిన్న ట్యుటోరియల్ ఉండేది, అంటే సర్కారు పరీక్షలకు తర్ఫీదిచ్చే బడి. తెలంగాణ జిల్లాల పాత భూమి రికార్డులను ఉర్దూ నుంచి తెలుగులోకి మార్చాలట. ఉర్దూ బాగా తెలిసిన పట్టభద్రులను పరీక్ష పెట్టి ఎంపిక చేసి, శిక్షణ ఇచ్చి, ఉద్యోగం ఇస్తామని ప్రకటన వచ్చింది.

నా దగ్గర చదివేవాళ్ళలో దానికి తగినవాడు ఓబులేసు ఒక్కడే. చాపాడు దగ్గర గొర్రెలు మేపుకునే ఇంటివాడు. బి.ఏ. చదివినన్నాళ్ళూ మస్తాన్ సాయబు అనే దర్జీ ఇంటి వసారాలో ఉన్నాడు. సాయబుకు చూపు మందగించింది. రోజూ ఉర్దూ పత్రిక చదివి వినిపిస్తే చాలు, అద్దె వద్దన్నాడు. అక్షరాలూ ఆయనే దిద్దించాడు. ఓబులేసు ఉర్దూ చదువుతుంటే మసీదు వీధిలో పెద్దవాళ్ళు ఆగి వినేవాళ్ళు. కానీ ఆ ఏడు దాటితే వాడికి వయోపరిమితి మీరిపోతుంది. మరో అవకాశం లేదు.

ఉర్దూ నేర్పినవారి యోగ్యతాపత్రం జతచేయమన్నారు. మస్తాన్ సాయబు కాగితాన్ని కళ్ళకు ఆనించుకుని ఉర్దూలో రాసిచ్చాడు. ఆయనకు వేరే రాత రాదు. కొన్నాళ్ళకు దరఖాస్తు తిరిగొచ్చింది. ‘యోగ్యతాపత్రము తెలియని భాషలో ఉన్నది. తెలుగు అనువాదమును గెజిటెడ్ అధికారి అటెస్టేషన్‌తో పంపవలెను.’ అటెస్టేషన్ అంటే ఇది నిజమేనని పెద్ద అధికారి సంతకం చేసి ముద్ర వేయడం.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఉర్దూ తెలిసినవాళ్ళు కావాలని పిలిచింది వాళ్ళు. ఉర్దూ కాగితం వస్తే తెలియని భాష అన్నదీ వాళ్ళే. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటే ఇదే.

ఓబులేసు చేసిన అనువాదం పట్టుకుని తిరిగాం. ప్రొద్దుటూరు అధికారి, “నాకు రాని భాషకు నేనెట్ల పూచీ పడేదప్పా?” అన్నాడు. జమ్మలమడుగులో కోస్తా నుంచి వచ్చిన అధికారి, “చదవలేని కాగితం మీద సంతకం పెట్టమంటారేమిటండీ? నా ఉద్యోగం ఊడగొడతారా?” అన్నాడు. ఆయన మాటలో తప్పు లేదు. అందుకే నాకు ఇంకా మంటగా ఉండేది.

తిరుగు బస్సులో ఓబులేసు మెల్లగా అన్నాడు: “అయ్యోరూ, పులివెందులలో పశువుల డాక్టరుండాడు. మా గొర్లకు సూదులేసినాడు. సాయబే, ఉర్దూ వస్తాది. గెజిటెడ్డంట.”

“ముందే చెప్పకపోతివేరా!”

“తాసిల్దార్లు తప్ప మీ కండ్లకు ఇంకెవరన్నా ఆనితే గదా చెప్పేది!”

నవ్వాను. మర్నాడే పులివెందుల పోయాం. డాక్టరు చేతులు కడుక్కుని వచ్చి, యోగ్యతాపత్రం చదివి మురిసిపోయాడు.

“తెలుగు చేసిందెవరు?”

“నేనే సార్.”

“శానా బాగుందబ్బా!” అంటూ సంతకం చేసి, ముద్ర వేసి, కింద తనంతట తానే ఒక మాట రాశాడు: ‘అభ్యర్థి చేసిన ఈ అనువాదం నిర్దుష్టం.’ వాడికి మేలు చేయాలనే రాశాడు పాపం.

ఆ మాటే కొంప ముంచింది. ‘అభ్యర్థి స్వయముగా చేసిన అనువాదము చెల్లదు’ అని జవాబు వచ్చింది. అప్పటికి గడువు ముగిసింది. వాణ్ణి పరీక్షకే పిలవలేదు. ఒక్క ఉర్దూ పేరా చేతికిచ్చి చదవమని ఉంటే ఈ గొడవంతా ఎందుకు?

మస్తాన్ సాయబు నా దగ్గరికొచ్చి కంటతడి పెట్టుకున్నాడు. “నాకు తెలుగు రాసేది వచ్చింటే పిల్లోని బతుకు బాగుపడుండు గదా సామీ!” ఆయన నన్ను క్షమించమన్నట్టు నిలబడితే, ఆ ఆఫీసుకు నిప్పు పెట్టాలన్నంత కోపం వచ్చింది నాకు.

ఆరు నెలల తర్వాత పత్రికలో చిన్న వార్త పడింది. ఉర్దూ తెలిసిన తగిన అభ్యర్థులు దొరకనందున కొన్ని ఖాళీలు మిగిలిపోయాయట. ఓబులేసు అప్పటికి ఎర్రగుంట్లలో ఒక బట్టల కొట్టులో గుమాస్తాగా చేరాడు. ఆ పత్రిక తెచ్చి నా బల్ల మీద పెట్టాడు.

“దొరకలేదంట అయ్యోరూ. మనం యాడికి పోయినామంట?”

విద్య ఉంటే చాలునని పిల్లలకు చెప్పడం ఆ రోజుతో మానేశాను. విద్య నేర్చుకోండి, అది మీకుందని ఒప్పుకునేవాణ్ణి కూడా ముందే వెతుక్కోండి అంటూ వచ్చాను. చదువు చెప్పేవాడి నోట రావలసిన మాట కాదది. సిగ్గుచేటు. అయితే సిగ్గుపడవలసింది నేను కాదు.