జార్జియన్ ఇంట్లో గోంగూర పోపు

రాధారాణి గారు ఎడిసన్‌లో ఇరవై రెండేళ్ళు గరాజ్‌లో వంట చేశారు. ఇంట్లో వంటిల్లు లేక కాదు. గ్రానైటు గట్టుతో, ఆరు బర్నర్ల స్టవ్వుతో లక్షణమైన వంటిల్లు ఉండేది. అందులో టీ కాచుకునేవారు. పోపులు, వేపుళ్ళు, చేపల పులుసు మాత్రం గరాజ్‌లో, కార్ల పక్కన, రెండో స్టవ్వు మీద. జనవరిలో చలికోటు వేసుకుని ఆవిడ వంకాయలు వేయించడం పక్కింటిదాన్ని నేను కళ్ళారా చూశాను. న్యూజెర్సీలో మనవాళ్ళ ఇళ్ళల్లో సగం చోట్ల ఇదే భాగోతం. కోట్లకి వాసన పడుతుందనీ, ఆఫీసులో తెల్లవాళ్ళు ముక్కు మూసుకుంటారనీ భయం. ఆవిడ భర్త మల్లికార్జునరావు గారు గుండె డాక్టరు. ఊళ్ళో వాళ్ళందరి గుండె చప్పుడూ వింటారు గానీ, గరాజ్‌లో గరిటె చప్పుడు ఆయన చెవిన ఎప్పుడూ పడలేదు.

2006లో ఆయనకి అరవై నిండాయి, హోదా జబ్బు పట్టుకుంది. గంటంపావు దూరంలో, పల్లెపట్టున, నాలుగెకరాల మధ్య 1760ల నాటి జార్జియన్ ఇల్లు కొన్నారు. ఇంగ్లండులో జార్జి పేరున్న రాజులు ఏలిన కాలం నాటి కట్టడమని ఆ పేరు. అప్పట్లో ఇళ్ళు కట్టినవాళ్ళకి ఒకటే పిచ్చి: కుడివైపు ఏముంటే ఎడమవైపూ అదే ఉండాలి. ముందువైపు నడిమధ్య తలుపు, అటు రెండు కిటికీలు, ఇటు రెండు, మేడమీద అయిదు. లోపల ముందు గుమ్మం నుంచి పెరటి గుమ్మం దాకా ఒకటే హాలు. మెట్లకి ఒక్కోదానికీ మూడేసి కమ్మీలు, మూడూ మూడు రకాలుగా మెలికలు తిరిగినవి. ముందుగదిలో గోడలన్నీ చెక్క పలకలు, పైకప్పు అంచున పళ్ళవరసలా చెక్కిన పట్టీ. ఆ గదిలో చలిమంట గూటికి ఒక పక్క తలుపుంది కదా అని, రెండో పక్క ఉత్తుత్తి తలుపు పెట్టారు. తీస్తే ఇటుక గోడ. గృహప్రవేశానికి వచ్చినవాళ్ళలో ముగ్గురు బాత్రూమ్ అనుకుని దాన్ని తీశారు. డాక్టరు గారు దాన్ని కూడా గర్వంగా చూపించేవారు.

చిక్కల్లా ఏమిటంటే, అది రక్షిత కట్టడం. పాత యజమానులు రాసిచ్చిన ఒప్పందం ప్రకారం, ఊళ్ళోని సంరక్షణ సంఘం సరేననకుండా బయట ఇటుక గానీ లోపల చెక్క గానీ ముట్టుకోవడానికి లేదు. వంటింట్లో పొగ బయటికి పోవాలంటే గోడకి చిల్లు పెట్టాలి. సంఘం తరఫున హెలెన్ విట్‌కోంబ్ అనే డెబ్బై ఏళ్ళావిడ వచ్చి, గోడని ఆప్యాయంగా నిమిరి, చిల్లు కుదరదని చెప్పి వెళ్ళింది. గరాజ్ అసలే లేదు. గుర్రపు బళ్ళ కోసం కట్టిన షెడ్డు ఒకటి పెరటి చివర ఉంది.

"షెడ్‌లో స్టవ్ ఫిక్స్ చేయిద్దాం రాధా. ప్రాబ్లమ్ సాల్వ్ అయిపోతుంది," అన్నారు డాక్టరు గారు.

"స్నోలో పులుసు గిన్నె పట్టుకుని అక్కణ్ణుంచి నడిచి రావాలా నేను?"

"మంచి బూట్స్ కొంటాలే."

ఆ సాయంత్రం ఆవిడ నాకు ఫోన్ చేసి ఏడ్చారు. "నాకు ఈ ప్యాలెస్‌లు వద్దమ్మా. నా ఇంట్లో నేను పోపు పెట్టుకోవాలి. పోయేలోపు ఆ ఒక్కటీ జరిగితే చాలు," అన్నారు.

డాక్టరు గారు మర్చిపోయిందేమిటంటే, రాధారాణి గారు పద్దెనిమిదేళ్ళు ఇన్సూరెన్స్ కంపెనీలో క్లెయిములు చూశారు. జనం చదవకుండా సంతకం పెట్టేసే చిన్నక్షరాలు చదవడమే ఆవిడ ఉద్యోగం. మర్నాడు నలభై రెండు పేజీల ఒప్పందం ముందేసుకుని, ఎర్ర పెన్ను తీసుకుని కూర్చున్నారు. డాక్టరు గారు దాన్ని చదవలేదు. మొదటి పేజీకి ఫ్రేము కట్టించారు. ముప్పయ్యొకటో పేజీలో దొరికింది: ఇంటి వెనక భాగంలోని పాత వంటపొయ్యినీ దాని పొగగొట్టాన్నీ యజమాని ఎప్పుడూ వాడుకోవడానికి వీలుగా ఉంచాలి.

ఆ పొయ్యి వంటింటి పక్క గదిలోనే ఉంది. ఎనిమిది అడుగుల వెడల్పు, మనిషి వంగి లోపలికి వెళ్ళేంత ఎత్తు. డాక్టరు గారు అందులో ఎండుపూల బుట్ట పెట్టారు. ఆవిడ బుట్ట తీసి అవతల పెట్టి, పొగగొట్టాలు శుభ్రం చేసేవాణ్ణి పిలిపించారు. అతను రెండు రోజులు గీకి, మూడు సంచుల మసీ ఒక పక్షిగూడూ దించి, నిక్షేపంగా వెలిగించుకోవచ్చని కాగితం రాసిచ్చాడు.

అక్టోబరులో హెలెన్ ఏటా చేసే తనిఖీకి వచ్చింది. ఆ రోజే పొయ్యికి ముహూర్తం పెట్టి, రాధారాణి గారు నన్ను సాక్షిగా పిలిచారు. తెనాలిలో పెళ్ళయ్యేదాకా కట్టెల పొయ్యి ఊదిన మనిషి, మంట ఇట్టే రాజేశారు. గోంగూర పచ్చడికి పోపు: ఇనుప మూకుడులో నూనె, ఆవాలు, ఇంగువ, గుప్పెడు ఎండుమిరపకాయలు. హెలెన్ గదిలో అడుగుపెట్టేసరికి చిటపటలు మొదలయ్యాయి.

డాక్టరు గారి మొహంలో నెత్తుటి చుక్క లేదు. "ఐయామ్ సో సారీ, మిసెస్ విట్‌కోంబ్. దిస్ స్మెల్..." అంటూ పొయ్యికి అడ్డంగా నిలబడ్డారు.

రాధారాణి గారు పీట మీంచి లేవకుండానే ఆ పేజీ, పొగగొట్టం కాగితం అందించారు. హెలెన్ రెండూ చదివింది. వంగి గొట్టంలోకి చూసింది. పొగ బుద్ధిగా పైకి పోతోంది. ఫారంలో ఏదో రాసుకుని, ఇరవై ఏళ్ళుగా ఈ గదిలో పూలబుట్టలే చూశాననీ, ఇది దేనికి కట్టారో దానికి వాడిన మనిషి మీరొక్కరేననీ ఇంగ్లీషులో చెప్పింది. ఆ పచ్చడి రుచి చూడొచ్చా అని అడిగింది. తిని, కళ్ళనీళ్ళు తుడుచుకుని, ఇంకాస్త వడ్డించమంది.

హెలెన్ వెళ్ళిపోగానే డాక్టరు గారు హాలు వైపు తలుపు మూయబోయారు. "క్లోజ్ చేద్దాం రాధా. ఫ్రంట్ రూమ్‌లో వుడ్‌కి స్మెల్ పడితే ఇక పోదు."

"పట్టనివ్వండి," అన్నారావిడ, కట్టె లోపలికి తోస్తూ. "మీ ఇంటికి వాసన రాకూడదని ఇన్నేళ్ళూ నేను బయటే ఉన్నాను. ఇది నా ఇల్లు. ఇకనుంచీ నా వాసనే వస్తుంది. పడకపోతే మీరు బయట కూర్చోండి."

డాక్టరు గారు తలుపు మూయకుండానే దాని మీంచి చెయ్యి తీసేశారు.